చెట్టు ముందా, మనసు ముందా?

ప్రశ్న: నేను ఎం.ఏ. తెలుగు రెండో సంవత్సరం చదువుతున్నాను. తులనాత్మక సాహిత్యం పేపరులో ‘కన్ఫ్యూషియన్ కవిత్వ సిద్ధాంతం: మనోభావం, బాహ్య ప్రపంచం’ అనే అంశం నాకు సెమినార్‌కి వచ్చింది. 20 నిమిషాలు మాట్లాడాలి. కవిత్వం మనసులోంచి పుడుతుందని ఒక పుస్తకంలో ఉంది. బయటి వస్తువు కదిలిస్తేనే పుడుతుందని ఇంకోదాంట్లో ఉంది. రెండూ కన్ఫ్యూషియస్ సంప్రదాయమేనట. ఏది సరైనది? వాళ్ళు ‘షింగ్’ అనేది మన ఉద్దీపన విభావమే అని రాసేయొచ్చా? ఒకటి రెండు పాటలు తెలుగులో పెట్టి చూపించమన్నారు మా సార్. నాకు చైనీస్ రాదు, ఇంగ్లీషు అనువాదాలే దిక్కు. ఎలా మొదలుపెట్టాలి?

సమాధానం: రెండూ సరైనవే. ఒక పుస్తకం కథను సగం నుంచి చెప్పింది, రెండోది మొదటి నుంచి చెప్పింది. అంతకుమించి తేడా లేదు.

‘మనసులోంచి’ అన్న మాట ‘షీ జింగ్’ అనే ప్రాచీన చైనా పాటల గ్రంథానికి హాన్ రాజుల కాలంలో చేరిన ముందుమాటలోది. దాన్ని ‘మహాపీఠిక’ అంటారు. షీ జింగ్‌లో 305 పాటలున్నాయి. అందులో 160 ఊళ్ళ పాటలు, 105 ఆస్థానపు పాటలు, 40 పూజా స్తుతులు. మహాపీఠికలో అసలు వాక్యం ఇంచుమించు ఇలా ఉంటుంది: ‘జీ వెళ్ళి చేరేదే కవిత. మనసులో ఉన్నప్పుడు జీ, మాటగా వెలువడితే కవిత.’ ఈ ‘జీ’ అనే అక్షరం పాత రూపంలో కింద ‘గుండె’, పైన ‘వెళ్ళడం’ అనే రెండు గుర్తులు కలిసి ఉంటాయి. కాబట్టి దాన్ని ‘ఆశయం’ అనో ‘ఉద్దేశం’ అనో ఒక్క ముక్కలో తేల్చకండి. మనసు ఎటు మొగ్గిందో అది జీ. ఆ వెంటనే పీఠిక ఇంకో మాట అంటుంది: లోపల భావం కదిలి మాటలో రూపం కడుతుంది. మాట చాలకపోతే నిట్టూరుస్తాం. నిట్టూర్పూ చాలకపోతే రాగం తీస్తాం. అదీ చాలకపోతే మనకు తెలియకుండానే చేతులు ఆడతాయి, కాళ్ళు తాళం వేస్తాయి.

సరే, భావం కదిలింది. కదిపిందెవరు? ఆ వాక్యం చెప్పదు. చెప్పాల్సిన అవసరమూ లేదు, ఎందుకంటే చదివేవాళ్ళకు ‘యుయే జీ’ తెలుసు. ‘లీ జీ’ అనే ఆచారగ్రంథంలో సంగీతం మీద ఉన్న అధ్యాయం అది (ఈ పేర్లలోని ‘జీ’ వేరే మాట, పైన చెప్పిన జీ కాదు). మొదటి రెండు వాక్యాల్లోనే తేల్చేస్తుంది: ‘స్వరం పుట్టేది మనిషి మనసులోంచి. మనిషి మనసు కదిలేది వస్తువు వల్ల.’ మీరు తెచ్చిన రెండు వాదాలూ అక్కడ పక్కపక్కనే కూర్చుని ఉన్నాయి, చూడండి. వస్తువు తాకుతుంది, మనసు కదులుతుంది, గొంతు పలుకుతుంది. ఈ వరుసని బోర్డు మీద మొదట రాసేయండి.

ఇది హాన్ పండితులు కొత్తగా కల్పించింది కాదని చెప్పడానికి మీకో గట్టి ఆధారం ఉంది. 1993లో హూబే రాష్ట్రం గ్వోద్యాన్ దగ్గర ఒక సమాధిలో వెదురు పలకల మీద రాసిన గ్రంథాలు దొరికాయి. క్రీ.పూ. 300 ప్రాంతపు సమాధి అది. వాటిలో ఒక గ్రంథం ఇలా మొదలవుతుంది: మనిషికి స్వభావమంటూ ఉన్నా మనసుకు స్థిరమైన జీ లేదు, వస్తువు ఎదురైతేనే లేస్తుంది. లోహానికీ రాతికీ నాదం ఉంది, కొట్టకపోతే మోగవు అని కూడా అంటుంది. సెమినార్‌లో ఈ గంట పోలిక వాడుకోండి. నాదం గంటలోదా, కర్రలోదా అని అడిగితే ఎవరేం చెబుతారు? మీ రెండు పుస్తకాల తగువూ అలాంటిదే.

ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. ‘బాహ్య ప్రపంచం’ అనగానే కొండలు, వెన్నెల, పూలతోట అనుకుని ప్రకృతి కవిత్వం వైపు వెళ్ళిపోతారు. వాళ్ళ మాట ‘వూ’. ఆ అక్షరంలో ఎడమవైపున్న గుర్తు ఎద్దు. లోకంలో మనిషికి ఎదురయ్యే ప్రతిదీ వూ: వాన, పొలం, పెళ్ళి, చావు, యుద్ధానికి పిలుపు, పన్ను వసూలు చేసే అధికారి. యుయే జీ ఆరు రకాల మనసుల్ని, వాటి స్వరాల్నీ చెబుతుంది. దుఃఖపడిన మనసు స్వరం బిగుసుకుపోయి సన్నగిల్లుతుంది. సుఖంగా ఉన్న మనసు స్వరం నిదానంగా, విశాలంగా ఉంటుంది. కోపం వస్తే బొంగురుగా, కరుగ్గా ఉంటుంది. ప్రేమ కలిగితే మెత్తగా కలిసిపోతుంది. సంతోషానికీ భక్తికీ కూడా ఇలాగే చెప్పి, చివర్లో రెండు మాటలు అంటుంది: ఈ ఆరూ స్వభావం కాదు, వస్తువు తాకాక పుట్టిన కదలికలు. అందుకే పూర్వరాజులు ప్రజల్ని ఏది తాకుతోందో జాగ్రత్తగా చూసుకునేవారు.

ఈ రెండో మాటతో కవిత్వ చర్చ కాస్తా రాజ్యం చర్చ అయిపోయింది. మనసు దానంతటది కదలదు అని ఒప్పుకున్నాక, జనం ఏడుపు పాటలు పాడుతున్నారంటే వాళ్ళని ఏడిపించింది ఏదో బయట ఉన్నట్టే లెక్క. మహాపీఠిక అదే అంటుంది: బాగా పాలించే కాలపు స్వరంలో నెమ్మది, సంతోషం ఉంటాయి, అల్లకల్లోలపు కాలపు స్వరంలో ఫిర్యాదు, కోపం, కూలిపోతున్న రాజ్యపు స్వరంలో శోకం, బెంగ. పాట ఒక సాక్ష్యం. ఊళ్ళ పాటల్ని ‘ఫెంగ్’ అంటారు, అంటే గాలి. పైవాడు ఆ గాలితో కిందివాళ్ళని మారుస్తాడు, కిందివాళ్ళు ఆ గాలితోనే పైవాణ్ణి పొడుస్తారు.

పొడవడం అంటే ఎలా ఉంటుందో 113వ పాటలో ఉంది. తెలుగులో పెడితే:

పందికొక్కూ పందికొక్కూ,
నా వరిగలు తినకు.
మూడేళ్ళు నిన్ను సాకాను,
నన్ను పట్టించుకున్న పాపాన పోలేదు.
నిన్ను విడిచి పోతాను,
ఆ సుఖమైన నేలకు పోతాను.

మూడు చరణాలు. రెండో చరణంలో గోధుమలు, మూడోదాంట్లో ఏకంగా మొలకలు. పండిన గింజతో మొదలై, ఇంకా పండని పైరు దాకా పందికొక్కు పాకింది. పాత వ్యాఖ్య దీన్ని అధిక పన్నుల మీద ఫిర్యాదుగా చదివింది, ఆ చదువు ఇప్పటికీ నిలుస్తుంది. ఇంగ్లీషులో ‘పెద్ద ఎలుక’ అని కనిపిస్తుంది. మనకు పందికొక్కు ఉండగా ఎలుకను పెద్దది చేయాల్సిన పని లేదు.

ఇప్పుడు షింగ్. దానికన్నా ముందు ఒక హెచ్చరిక. ఇంగ్లీషు పుస్తకాల్లో ఎక్స్, ఐ, ఎన్, జి అని రాసే మాట రెండు వేర్వేరు అక్షరాలకు వస్తుంది. ఒకటి ‘లేపడం, పైకెత్తడం’. దాని పాత రూపంలో కొన్ని చేతులు కలిసి ఒక వస్తువుని ఎత్తుతుంటాయి. మనకు కావలసిన షింగ్ అదే. రెండోది ‘స్వభావం’, గుండె గుర్తు పక్కన పుట్టుక గుర్తు. స్వరస్థాయి కూడా రెంటికీ ఒకటే, కాబట్టి ఉచ్చారణ గుర్తులు చూసినా తేడా తెలియదు. గ్వోద్యాన్ పలకల గురించి చదివేటప్పుడు కనిపించేది స్వభావం. షీ జింగ్ వ్యాఖ్యల్లో కనిపించేది లేపడం. ఈ రెండూ కలిపేసి వ్యాసం రాస్తే, ఎక్కడ తప్పిపోయారో మీకే తెలియదు.

మహాపీఠిక ఆరు పేర్లు చెబుతుంది: ఫెంగ్, ఫూ, బీ, షింగ్, యా, సోంగ్. ఫెంగ్ (ఊళ్ళ పాటలు), యా (ఆస్థానపు పాటలు), సోంగ్ (పూజా స్తుతులు) అంటే ఏమిటో వివరిస్తుంది. ఫూ, బీ, షింగ్‌లను పేరు చెప్పి వదిలేస్తుంది. ఆ వదిలేసిన మూడింటి మీద రెండువేల ఏళ్ళుగా తగువే. షీ జింగ్‌కి మావ్ అనే పాత పండితుడు రాసిన వ్యాఖ్య 116 పాటలకు ‘ఇది షింగ్’ అని గుర్తు పెట్టింది. ఫూకీ బీకీ పెట్టలేదు. అంటే ఆ రెండూ చదివితే తెలిసిపోతాయని, షింగ్ ఒక్కటే చూపించాల్సి ఉంటుందని ఆయన అనుకున్నట్టుంది. వాడుకకు వచ్చే నిర్వచనాలు మాత్రం 12వ శతాబ్దంలో జూ షీ (1130–1200) అనే కన్ఫ్యూషియన్ పండితుడు ఇచ్చాడు. విషయాన్ని పరిచి, సూటిగా చెబితే ఫూ. ఆ వస్తువుతో ఈ వస్తువుని పోలిస్తే బీ. ముందు వేరే వస్తువు చెప్పి, దానితో అసలు పాడదలచుకున్న మాటను లేపితే షింగ్. పందికొక్కు పాటను ఆయన బీ కింద వేశాడు: పందికొక్కు తప్ప అధికారి పాటలో ఎక్కడా కనపడడు.

షింగ్‌కి 6వ పాట తీసుకోండి. నాలుగేసి పాదాల మూడు చరణాలు, అంతే.

లేలేత పీచ్ చెట్టు,
ధగధగ దాని పూత.
ఈ పిల్ల కాపురానికి వెళ్తోంది,
ఇల్లూ వాకిలీ చక్కబెట్టుకుంటుంది.

రెండో చరణంలో పూత స్థానంలో నిండైన కాయ. మూడోదాంట్లో గుబురు గుబురుగా ఆకు. ‘కాపురానికి వెళ్తోంది’ అన్నచోట మూలంలో ఉన్న మాటకు అసలు అర్థం ‘తిరిగి చేరుకోవడం’. అత్తిల్లే ఆ పిల్ల అసలు ఇల్లన్నట్టు. తెలుగులో ‘కాపురం’ ఆ బరువు మోస్తుంది, ‘వివాహమాడుతోంది’ మోయదు.

పాట చెడేదెక్కడంటే, రెండో పాదానికీ మూడో పాదానికీ మధ్య. మూలంలో అక్కడ ఏ అతుకూ లేదు. చెట్టు ఉంది, తర్వాత పిల్ల ఉంది. తెలుగులో చేయి ఆగదు. ‘పూచిన పీచ్ చెట్టువలె వెలుగుతున్న ఈ నవవధువు’ అని ఒకరు రాస్తారు. అది బీ అయిపోయింది, షింగ్ పోయింది. పైగా ఉపమ అన్నాక చెట్టు పిల్లకు నగ అవుతుంది. ఆ వసంతంలో ఆ చెట్టు నిజంగా అక్కడ ఉందన్న సంగతి మాయమవుతుంది. ఇంకొకరు ‘వలె’ లేకుండా తప్పించుకుందామని ‘పూచిన చెట్టు కింద నడిచి వెళ్తున్న పిల్ల’ అంటారు. పిల్ల చెట్టు కింద నడిచిందని పాటలో లేదు. మూడో రకం ‘చెట్టుని చూసి నా మనసు పొంగింది’ అని వివరణ చేరుస్తారు. లేపడం పాట చేయాల్సిన పని, అది అనువాదకుడు చేసేశాడు. మన భాషలో విశేషణవాక్యం ఎంత సులువంటే, రెండు వాక్యాల్ని తెలియకుండానే ఒక దండలో గుచ్చేస్తాం. అందుకని పద్ధతి ఇది: మొదటి రెండు పాదాలూ నామవాచకంతో ముగించండి, మూడోది కొత్త వాక్యంగా మొదలుపెట్టండి, ‘వలె, లాగా, వంటి, చూసి, అప్పుడు, కదా’ ఈ ఆరింటినీ కొట్టేయండి. రాయడం అయ్యాక చెట్టు పాదాలు తీసేసి చదవండి. అర్థం చెడకపోయినా పాట చచ్చిపోతే, షింగ్ సరిగ్గా వచ్చినట్టే.

ఇప్పుడు ఉద్దీపన విభావం సంగతి. అదే అని రాయకండి. ఆలంబనం (ఎవరి మీద భావం పుట్టిందో ఆ మనిషి) వల్ల పుట్టిన రతిని, అంటే ప్రేమను, వెన్నెల, మలయమారుతం, కోయిల పెంచుతాయి: అది ఉద్దీపనం. అంటే భావం ముందే ఉంది, అది ఒక పాత్రది, దాని వెనక ఒక స్థాయీభావం, అంటే స్థిరంగా ఉండే మూలభావం, సిద్ధంగా ఉంది. పీచ్ చెట్టు ఎవరి ఏ భావాన్ని ఉద్దీపింపజేస్తోంది? పెళ్ళికూతురిదా? వరుడిదా? ఎవరిదీ కాదు. పాడేవాళ్ళ నోటికి మొదటి మాట అందించింది, అంతే. ఇంకో తేడా కూడా ఉంది. మన ఆలంకారికుల దృష్టిలో భావం సాధారణీకరణం పొంది, ఫలానా మనిషిది కాకుండా పోయినప్పుడే రసం. మహాపీఠిక వెనక ఉన్నవాళ్ళకు అది ఫలానా దేశంలో, ఫలానా రాజు కాలంలో, ఫలానా మనుషుల భావం కావడమే ముఖ్యం. ఒక్కో పాటకూ ముందు చేర్చిన చిన్న పీఠికలు అందుకే రాజుల పేర్లు చెబుతాయి. మొదటి పాట నీటిపక్షి కూతతో మొదలవుతుంది. అది రాణిగారి సుగుణాల గురించి అని చిన్న పీఠిక. జూ షీ ఇలాంటి పీఠికల్ని చాలావరకు పక్కన పెట్టాడు. మీరూ వాటిని నమ్మక్కర్లేదు గానీ, ‘మూర్ఖపు నీతిబోధ’ అని కొట్టిపారేయకండి. వస్తువంటే పాలన కూడా అని ముందే ఒప్పుకున్నవాళ్ళ చదువు అది.

తమిళ సంగం కవిత్వపు తిణలతో కలపాలన్న సరదా కూడా పుడుతుంది. అక్కడ కురింజి కొండ అంటే కలయిక, నెయ్దల్ తీరం అంటే విరహపు బెంగ, ఇలా పట్టిక ఖాయం. షింగ్‌కి పట్టిక లేదు. షింగ్‌కి దగ్గరి చుట్టం కావాలంటే అలంకారశాస్త్రంలో కాదు, పాటల్లో వెతకండి. ‘ఒక్కేసి పువ్వేసి చందమామ, ఒక్క జాము ఆయె చందమామ’ అని బతుకమ్మ పాట. పువ్వుకీ జాముకీ మధ్య ‘వలె’ ఉందా? అలాగని చైనా నుంచి ఇక్కడికో, ఇక్కడి నుంచి అక్కడికో వెళ్ళిందని అనకండి. గుంపుగా పాడే పాట ఎక్కడైనా ఇలా ఎత్తుకుంటుంది.

మరో పాటగా 167 పెట్టుకోండి. ఉత్తరపు తెగల మీద యుద్ధానికి వెళ్ళిన సైనికుడి పాట. ఎనిమిదేసి పాదాల ఆరు చరణాలు. మొదటి మూడూ అడవి బఠాణీ ఆకు కోయడంతో మొదలవుతాయి: ఒకదాంట్లో మొలకెత్తింది, తర్వాతిదాంట్లో లేతగా ఉంది, మూడోదాంట్లో ముదిరిపోయింది. నెలలు గడిచాయని ఎక్కడా చెప్పడు. ఆకు ముదిరింది, అంతే. మీకు సమయం లేదు కాబట్టి చివరి చరణం చాలు:

ఆనాడు నేను బయల్దేరినప్పుడు
విల్లో కొమ్మలు వాలి వాలి, ఊగి ఊగి.
ఈనాడు తిరిగొస్తుంటే
మంచు కురిసి కురిసి, ముసురు ముసురుగా.
దారి సాగదు, సాగదు,
దాహం, ఆకలి.
నా గుండె నొచ్చింది,
నా బాధ ఎవరికీ తెలియదు.

మంచు అనగానే మనకు భోగినాటి పొగమంచు గుర్తొస్తుంది, అందుకే ‘కురిసి’ తప్పనిసరి. విల్లో పాదంలో మూలంలో ఉన్నది ‘యీ యీ’ అనే జంటమాట. ఇప్పటి చైనీస్‌లో అది ‘వదల్లేక వదల్లేక’ అన్న అర్థంలో వినిపిస్తుంది, కొందరు అనువాదకులు ఆ అర్థమే దింపేస్తారు. అప్పుడు కొమ్మలకు బెంగ అంటగట్టినట్టవుతుంది. కొమ్మను ఊగనివ్వండి, బెంగ ఏడో పాదం దాకా ఆగుతుంది. క్రీ.శ. 500 ప్రాంతంలో ల్యూ షియే అనే విమర్శకుడు ఇలాంటి జంటమాటల మీద ఆగి మరీ రాశాడు. పీచ్ పూల తాజాదనానికి ఆ ‘ధగధగ’, విల్లో తీరుకి ఆ ‘యీ యీ’. వెయ్యేళ్ళు ఆలోచించినా వీటి స్థానంలో వేరే మాట పెట్టలేం అన్నాడు. ఇంగ్లీషు అనువాదకుడికి ఇక్కడ చేతులు కట్టేసినట్టుంటుంది. మీకు ఆ ఇబ్బంది లేదు. మిలమిల, రెపరెప, నిగనిగ, జలజల, గలగల, కువకువ: తెలుగు ఈ సరుకు బస్తాలకొద్దీ పెట్టుకుని కూర్చుంది. ఇంగ్లీషు అనువాదంలో విశేషణం కనిపించినచోట, మూలంలో జంటమాట ఉందేమో చూసి మన జంటమాట వేయండి.

విల్లో, మంచు ఉన్న ఆ మొదటి నాలుగు పాదాల మీద అందరికన్నా పదునైన వ్యాఖ్య వాంగ్ ఫూజీ అనే పండితుడిది (1619–1692). యుద్ధానికి వెళ్ళేటప్పుడు హాయైన దృశ్యం, ఇంటికొచ్చేటప్పుడు దిగులు దృశ్యం. సుఖదృశ్యంతో దుఃఖాన్నీ, దుఃఖదృశ్యంతో సుఖాన్నీ రాస్తే రెండూ రెట్టింపవుతాయి అన్నాడు. భావం (ఛింగ్), దృశ్యం (జింగ్) పేరుకి రెండు, నిజానికి విడదీయలేం అన్న మాట కూడా ఆయనదే. ఇక్కడ మీ పరీక్షకులు పట్టుకునే చోటు: ‘దృశ్యం భావానికి అద్దం’ అని రాశారంటే ఈ నాలుగు పాదాలే మిమ్మల్ని కాదంటాయి. సైనికుడి మనసు బరువెక్కిందని విల్లో వాడిపోలేదు. లోకం తన పని తాను చేసుకుపోతోంది, మనిషి దానికి తగులుతున్నాడు.

వాంగ్ ఫూజీ దగ్గర తెలుగువాళ్ళు ఆగాల్సిన మరో సంగతి ఉంది. మంచి పాదం ఎలా వస్తుందో చెప్పడానికి ఆయన వాడిన మాట ‘ష్యెన్ ల్యాంగ్’. అది కన్ఫ్యూషియన్ మాట కాదు, బౌద్ధ తర్కంలో మన ‘ప్రత్యక్ష ప్రమాణం’కి, అంటే ఇంద్రియాలతో నేరుగా తెలుసుకోవడానికి, చైనీస్. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు ప్రత్యక్షాన్ని ‘కల్పనాపోఢం’ అన్నాడు, కల్పన అంటనిది అని. చైనా బౌద్ధ యాత్రికుడు యువాన్ చ్వాంగ్ 7వ శతాబ్దంలో ఆంధ్రదేశం వచ్చినప్పుడు, వేంగి రాజధానికి దగ్గర్లోని ఒక ఒంటరి కొండ మీద దిఙ్నాగుడు హేతువిద్యా (తర్క) గ్రంథం రాశాడని నమోదు చేశాడు. వేంగి అంటే ఏలూరు దగ్గరి పెదవేగి. ఆ తర్కగ్రంథాల్ని చైనీస్‌లోకి తెచ్చిందీ యువాన్ చ్వాంగే. వెయ్యేళ్ళ తర్వాత హూనాన్ కొండల్లో ఒక కరడుగట్టిన కన్ఫ్యూషియన్ ఆ మాటని కవిత్వానికి వాడాడు. ‘ష్యెన్’లో మూడర్థాలు ఉన్నాయన్నాడు: ఇప్పుడే ఉండడం, గతం నీడ పడకుండా; తాకీ తాకగానే తెలియడం, లెక్కలు వేయకుండా; ఉన్నది ఉన్నట్టు కనపడడం.

ఆయన ఇచ్చిన ఉదాహరణ చాలా ప్రసిద్ధం. తాంగ్ రాజుల కాలపు కవి జియా దావ్ ‘సన్యాసి వెన్నెల్లో తలుపు…’ దాకా రాసి, ‘తోశాడు’ అనాలా ‘తట్టాడు’ అనాలా అని దారి పొడుగునా ఆలోచిస్తూ వెళ్ళి మరో కవి హాన్ యూని ఢీకొన్నాడని, హాన్ యూ ‘తట్టాడు’ బాగుందన్నాడని కథ. ఇప్పటికీ చైనీస్‌లో మాటలు చెక్కడాన్ని ‘తోయడం-తట్టడం’ అనే అంటారు. వాంగ్ ఫూజీకి ఈ కథంటే ఒళ్ళు మంట. నిజంగా ఆ తలుపు దగ్గర ఉండి మనసుకు తగిలితే, తోయడమో తట్టడమో ఏదో ఒకటి జరిగే ఉంటుంది, ఆలోచించడమేమిటి, ఇదంతా ఊరికే ఊహ అన్నాడు. ఇది కాస్త అన్యాయమే: మాట కోసం తడుముకోవడానికీ, చూడనిదాన్ని ఊహించడానికీ తేడా ఉంది. అయినా ‘వస్తువు ముందు’ అనే సూత్రాన్ని చివరిదాకా లాగితే ఎక్కడికి చేరుతుందో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

మరి మనసుకు ఏ పనీ లేదా అని ఎవరైనా అడగొచ్చు. ల్యూ షియే జవాబు చెప్పాడు: భావం కానుకలా వెళ్తుంది, షింగ్ జవాబులా వస్తుంది. ఇస్తినమ్మా వాయనం, పుచ్చుకుంటినమ్మా వాయనం అన్నట్టే. కన్ఫ్యూషియస్ సూక్తుల్లో (17.9) పాటలు చదివితే ఏమొస్తుందో నాలుగు మాటల్లో ఉంది: లేపుతాయి, లోకాన్ని గమనింపజేస్తాయి, నలుగురితో కలుపుతాయి, గోడు వెళ్ళబోసుకోనిస్తాయి. ఆ మొదటి మాట మళ్ళీ షింగే, కానీ ఇక్కడ లేచేది పాఠకుడు. కవిని చెట్టు తాకినట్టు పాఠకుణ్ణి పాట తాకుతుంది. పాట కూడా ఒక వూ. అక్కడే ఆయన పక్షుల, జంతువుల, చెట్టుచేమల పేర్లు బోలెడు తెలుస్తాయని కూడా అన్నాడు, అది మరిచిపోవద్దు. ఇక భావం శృతిమించకూడదు, ‘భావంలో మొదలై మర్యాద దగ్గర ఆగాలి’ అన్న నియమం గురించి ఒక వాక్యం చాలు. అది వేరే సెమినార్.

ల్యూ షియేని ‘కన్ఫ్యూషియన్’ అని ముద్ర వేయకండి. ప్రాచీన గ్రంథాలే సాహిత్యానికి మూలమని వాదించాడు నిజమే, కానీ ఏళ్ళ తరబడి బౌద్ధ విహారంలో ఉన్నాడు, చివరికి సన్యాసం తీసుకున్నాడు. ‘ఆ సంప్రదాయాన్ని వాడుకున్న విమర్శకుడు’ అంటే ఎవరూ తప్పు పట్టరు.

అనువాదాల విషయంలో ఒక్క మాట. పాటల సంఖ్యలు మావ్ వరుసలోవి ఇవ్వండి: నేనిచ్చిన 6, 113, 167 అవే. ఆర్థర్ వేలీ 1937 అనువాదం పాటల్ని విషయాల వారీగా తిరగేసి కొత్త సంఖ్యలు వేసుకుంది. అందులో 6 చూస్తే పీచ్ చెట్టు దొరకదు. జేమ్స్ లెగ్ 1871 అనువాదం వరుస మార్చలేదు, కింద వ్యాఖ్యలూ ఉన్నాయి. పద్యం మాత్రం చెక్కముక్కలా ఉంటుంది. వ్యాఖ్యకు లెగ్, చెవికి వేలీ, ఇలా రెండూ పక్కన పెట్టుకోండి. వాళ్ళిద్దరూ తేడాగా రాసినచోట మూలంలో అతుకు లేదని అనుమానించండి.

20 నిమిషాల్లో 3 వస్తువు-మనసు-గొంతు వరుసకు, 5 పందికొక్కు పాటకు, 7 పీచ్ చెట్టుకు, 5 సైనికుడికి. వాంగ్ ఫూజీ, పెదవేగి ప్రశ్నల సమయానికి దాచుకోండి. పీచ్ చెట్టు పాటని బోర్డు మీద రెండు రకాలుగా, ‘వలె’తో ఒకటి, లేకుండా ఒకటి రాసి పైకి చదవండి. రెండోది చదివేటప్పుడు రెండో పాదం తర్వాత ఒక ఊపిరి ఆగండి. చెట్టుకీ పిల్లకీ సంబంధం ఏమిటని ఎవరో ఒకరు అడుగుతారు. జూ షీ నిర్వచనం అప్పుడు చదవండి. ముందే చదివేస్తే ఆ ప్రశ్న రాదు.